ఆరు గంటల సున్నా

"గడియారం ముల్లు ఎవరు తిప్పిన్రు?"

స్వరూప వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. చేతిలో పెన్సిలు ఉంది, పొయ్యి పక్కన అల్మారాలో గడియారం. ఎదురుగా గోడకు గ్యాసు ఏజెన్సీ వాళ్లిచ్చిన క్యాలెండరు. అందులో పాలు తీసుకోని రోజులకు అడ్డగీతలు, సిలిండరు మార్చిన రోజుకు చుక్క, వాటి కింద నెల రోజులుగా కొత్తగా చిన్న చిన్న అంకెలు. ఇవాళ్టి మంగళవారం గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"నేనే తిప్పిన," అన్నాడు యాదగిరి, ముందుగదిలో బూట్ల లేసులు కట్టుకుంటూ. "పన్నెండు నిమిషాలు ముందుకు పోయింది. సరిచేసిన. అది గూడ తప్పేనా?"

"పన్నెండా, పదమూడా?"

"ఏమో. పన్నెండో పదమూడో."

"చూసిన్రా! నేను వద్దనేది దీనికే. సరిచెయ్యండి, నేనేం అడ్డం రాను. సరిచేసే ముందు ఎంత తప్పుందో చూసి ఒక అంకె రాయండి. అంత పెద్ద సైంటిస్టులు, ఒక్క అంకె రాయలేరా?"

"నలభై ఏండ్ల కిందటి కీ గడియారం, స్వరూపా. దానికి ముసలితనం వచ్చింది. దానికొక రికార్డా?"

"ముసలితనం వస్తే వెనకపడాలె గని, ముందుకు ఉరుకుతదా?"

పొయ్యి పక్కన నేలమీద పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తున్న ఆండాళమ్మ తలెత్తింది. "గడియారం కాడ లొల్లి పెట్టుకునే మొగుడు పెండ్లాలను మిమ్ములనే చూసిన. మీ నాయిన బతికున్నప్పుడు మా ఇంట్ల గడియారమే లేకుండె కొడకా. లొల్లి మాత్రం ఉండె, దానికి వేరే సాకులుండె."

యాదగిరి నవ్వి బండి తాళం తీసుకున్నాడు. ఆరు గంటల షిఫ్టుకు ఐదు నిమిషాలు ముందుండటం ఆయన అలవాటు. పదకొండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

స్వరూప నల్లగొండ మహిళా కళాశాలలో బీయస్సీ చదివింది. అక్కడ ప్రాక్టికల్సు చెప్పిన మేడం దగ్గర ఒక పట్టుదల ఉండేది. రీడింగు తప్పొచ్చినా రబ్బరుతో చెరపనిచ్చేది కాదు. ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాయమనేది. తప్పు కూడా కనపడుతూ ఉండాలనేది. చదివినవాటిలో చాలామటుకు పోయినా ఆ ఒక్క అలవాటు మాత్రం స్వరూప చేతికి అంటుకుని మిగిలింది.

ఖాళీ గడిలో ఆమె "12?" అని రాసింది. ఆ ప్రశ్నగుర్తు చూస్తే చిరాకేసింది.

*

గుండ్లగుట్ట కింద నల్లరాతిని తొలిచి సొరంగం వేసి పదకొండేళ్లయింది. పైన కాలనీ. సొరంగం గుండ్రంగా తిరిగి వచ్చి సరిగ్గా సి లైను ఇళ్ల కిందుగా పోతుంది. స్వరూప వాళ్లది సి లైనులో పదిహేడో ఇల్లు.

లోపల ఏం జరుగుతుందో కాలనీలో అందరికన్నా బాగా చెప్పేది ఆండాళమ్మే. ఆకుకూరల నాగమణి గడప దగ్గర కూర్చుంటే చాలు, మొదలుపెట్టేది.

"మావోడు సీసం నలుసులను ఎదురెదురుగ ఉరికిస్తడే. కంటికి ఆనవు. అవి నెత్తికి నెత్తి గుద్దుకోవద్దు. ఇరుకు సందుల ఇద్దరు ఎదురైతె భుజాలు రాసుకుంట పోతరు సూడు, గట్ల పోవాలె. ఆ రాపిడికి ఒక గుంజుడు పుడతదట. నీ సూదంటురాయి దాని ముంగట ఎంత! సుక్కలల్ల గూడ అంత గుంజుడు లేదట."

"పుట్టినంక?"

"పుట్టంగనే సచ్చిపోతది. రెప్ప కొట్టెలోపల గాదు, రెప్ప కొట్టాలె అని నువ్వు అనుకునేలోపలనే పోతది. మావోడు దాన్ని సావనియ్యకుండ పట్టిండు."

అంతే సంగతి. ఒక జంట పుట్టించిన అయస్కాంత క్షేత్రం చచ్చేలోపే రెండో జంట వచ్చి దాన్ని అందుకునేట్టు, రెండోదాన్ని మూడోది అందుకునేట్టు ఒక వరస కనిపెట్టాడు యాదగిరి. పుట్టగానే పోయేది మొదట సెకనులో వెయ్యోవంతు నిలిచింది. పోయినేడు ఒక సెకను. గత నెల నుంచి పది, పదిహేను, ఇరవై. వచ్చే సోమవారం ఢిల్లీ నుంచి వస్తున్న పెద్దల ముందు నిండా ఒక నిమిషం నిలబెట్టాలి. దానికోసమే ఆ ఇంట్లో పదకొండేళ్లుగా పండగలు పనిదినాలయ్యాయి. ఐదో తరగతి చదివే కూతురు లాస్య, 'మా డాడీ' అనే వ్యాసంలో 'మా డాడీ ఇంటికి అప్పుడప్పుడు వచ్చును' అని రాస్తే టీచరు తప్పు పెట్టలేదు.

*

గురువారం పదకొండు గంటలకు ఆండాళమ్మ పీట మీది నుంచి పక్కకు ఒరిగిపోయింది.

స్వరూప పట్టుకునేసరికి ఒళ్లంతా చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి. "ఏం గాలేదు బిడ్డా. గుండె నా మాట వింటలేదు," అంది మెల్లగా.

మూడేళ్ల కిందట ఆమె గుండె మందగిస్తే హైదరాబాదులో ఛాతీ మీది చర్మం కింద ఒక చిన్న యంత్రం పెట్టారు. ఆమె దాన్ని బ్యాటరీ అంటుంది. స్వరూప యాదగిరికి ఫోన్ చేసి, కారు పిలిపించి, రెండున్నర గంటల్లో ఆమెను అదే ఆస్పత్రికి చేర్చింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, యంత్రం బంగారంలా ఉందన్నాడు. నీరసం, వయసు, ఎండ. సాయంత్రానికి ఆండాళమ్మ ఆస్పత్రి మంచం మీద కూర్చుని, పక్క మంచం ఆవిడకు కూతురి పెళ్లి విషయంలో సలహాలిస్తోంది.

"సూడు, ఇక్కడ ఎంత మంచిగుంది నాకు," అంది కోడలితో. "మనింట్ల ఆ పొయ్యి కాడ కూసుంటెనే గడియారం లెక్క కొట్టుకుంటది. లేచి నడిచినా గంతే, పన్నా గంతే. ఒకటే దెబ్బ."

"నీ బ్యాటరీకి ఇప్పుడే పరీక్ష చేసిన్రు గదమ్మా," అన్నాడు అప్పుడే వచ్చిన యాదగిరి, ఫోనులోంచి తల ఎత్తకుండానే. "లేనిపోనివి మనసుల పెట్టుకోకు."

యంత్రం పెట్టినప్పుడు ఆ డాక్టరే చెప్పిన మాట స్వరూపకు గుర్తొచ్చింది. అయస్కాంతం దగ్గరికి తేవద్దు. తెస్తే ఇది గుండె చెప్పేది వినటం మానేసి, తన లెక్కన తను కొట్టుకుంటూ పోతుంది.

శుక్రవారం ఇంటికి వచ్చాక, ఫోనులో సెకన్లు పెట్టుకుని అత్తగారి నాడి లెక్కపెట్టింది. వంటింట్లో, కూర్చుంటే తొంభై. వంటింట్లోనే నాలుగడుగులు అటూ ఇటూ నడిపిస్తే తొంభై. కునుకు తీస్తుంటే తొంభై. మేడమీది గదిలో కూర్చోబెడితే డెబ్బై రెండు. అక్కడే నడిపిస్తే ఎనభై ఆరు. అన్నీ క్యాలెండరు మీద రాసింది. గడియారాన్ని కూడా మేడమీదికి మార్చింది. అత్తగారి పక్క కూడా అక్కడే వేసింది.

"పొయ్యికి దూరంగ పెడితె నేను బతికేది ఎట్లనే?" అంది ఆండాళమ్మ.

"రెండ్రోజులు అత్తమ్మా. మీరు చెప్పింది నిజమో కాదో చూస్తున్న."

"అబద్ధమైతె?"

"అబద్ధమైతే మీకు అప్పచ్చులు చేసిపెడత. నిజమైతే భయం."

శనివారం పొద్దున చూస్తే గడియారం ఒక్క నిమిషం కూడా దాటలేదు. గడియారం లోపలిదీ ఉక్కు స్ప్రింగే, అయస్కాంతం పడితే ముందుకు ఉరుకుతుంది అనుకుంది స్వరూప.

*

శుక్రవారం రాత్రి యాదగిరి ఇంటికి రాలేదు. సోమవారం పనికి సన్నాహం. స్వరూప శనివారం ఐదున్నరకే ఉప్మా కట్టి, గేటు దగ్గర పాసు రాయించుకుని కంట్రోల్ రూముకు వెళ్లింది. యాదగిరి సొరంగంలో ఉన్నాడు. తెరల ముందు నుస్రత్ మేడం ఒక్కతే కూర్చుని ఉంది. పాతబస్తీ మనిషి, మొదటిరోజు నుంచీ ఇక్కడే.

"ఆవో భాబీ, కూర్చోండి. ఒక్క నిమిషం. ఆరు కొడుతుంది, సున్నా కొట్టాలె."

"సున్నా అంటే?"

"అదే, మీటర్లకు. భూమికి కొంచెం అయస్కాంతం ఉంటది, ఇనుముకు కొంచెం ఉంటది. పొద్దున మిషను చాలూ చేసేముందు అదంతా తీసేసి సున్నా కాడికి తెస్తం. లేకపోతే మన క్షేత్రం ఎంతో ఎట్ల తెలుస్తది?"

నుస్రత్ ఒక మీట నొక్కింది. తెర మీద రెప్పపాటు ఒక అంకె మెరిసింది. ఆ వెంటనే వరసగా సున్నాలు.

"నాలుగు వందల పన్నెండు," అంది స్వరూప.

"ఏంటిది?"

"సున్నా కాకముందు అక్కడ పడ్డ అంకె."

నుస్రత్ నవ్వింది. "మీ కండ్లు మంచిగున్నయ్ భాబీ. అది ఎవరూ చూడరు. తీసేసేదే గద."

"రాసిపెట్టరా?"

"తీసేసేదాన్ని ఎందుకు రాస్తరు?"

"పోయినేడు ఎంత ఉండేదో తెలుస్తదా మరి? మొదటిరోజు ఎంత ఉండేదో?"

నుస్రత్ నవ్వు ఆగింది. ఆమె తెర వైపు చూసింది, మీట వైపు చూసింది. "మొదట్ల... ఇరవై, ఇరవై ఐదు ఉంటుండె అనుకుంట. యాద్ లేదు." మీట మీంచి చెయ్యి తీసేసి, "మిషను నడుస్తుంటే మూడు వందలు దాటితే దానంతట అదే బందయితది భాబీ. రక్షణకు. సార్ పెట్టిందే," అంది.

"సున్నా నుంచి మూడు వందలా?"

"సున్నా నుంచే," అంది నుస్రత్ మెల్లగా. గోడకు అద్దం కింద పనిపద్ధతుల కాగితం ఉంది. మొదటి వాక్యం చేతిరాతలో ఉంది. 'ప్రతిరోజు ఆరు గంటలకు అన్ని మీటర్లను సున్నా చేయవలెను.' ఆ 'ను'కు చివర పొడుగ్గా తోక లాగే చెయ్యి ఎవరిదో స్వరూపకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్లికి ముందు ఆ చేతిరాతతో వచ్చిన ఉత్తరాలు ఇంకా బీరువాలో ఉన్నాయి.

టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. దారిలో ఒకసారి ఆగి కాళ్ల కింది నేలను చూసింది. మామూలు నేలే. సి లైను దగ్గర మాత్రం మట్టిలోంచి నల్లరాయి వీపులా పైకి తేలి ఉంటుంది. సొరంగం దగ్గర నుంచి గోడలా లేచి వచ్చిన రాయి అది. దాన్ని కొట్టలేక దానిమీదే వంటిళ్లు కట్టారు.

*

సాయంత్రం నాలుగింటికి యాదగిరి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముఖంలో మాత్రం సంతోషం. "యాభై రెండు సెకన్లు నిలబడ్డది, స్వరూపా. యాభై రెండు!"

స్వరూప మంచినీళ్లిచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"ఇంట్ల గడియారం మీరు రోజూ సరిచేస్తున్నరు గాబట్టి, అది చెడిపోయిందని మీకు తెల్వలేదు. అక్కడ మీటర్లను గూడ గట్లనే చేస్తున్నరా?"

"ఏం మాట్లాడుతున్నవ్?"

"మీ క్షేత్రం మిషను బంద్ చేసినంక మొత్తం పోతదా? రాతిల కొంచెం మిగులుతదా?"

"మిగలదు. మిగిలితే మీటర్లకు తెల్వదా?"

"మిగిలినదాన్ని మీరు పొద్దునపూట తీసేస్తున్నరు గద."

యాదగిరి గ్లాసు కింద పెట్టాడు. "అది భూమి అయస్కాంతం. ఎప్పటికీ ఒక్కతీరుగ ఉంటది."

"ఉందో లేదో ఎన్నడన్న రాసిన్రా?"

స్వరూప వంటింట్లోంచి కుట్టుపని డబ్బా తెచ్చింది. ఒక సూది తియ్యబోతే ఏడెనిమిది సూదులు గుత్తిగా పట్టుకుని లేచాయి. లాస్య "అబ్బ!" అంది. వంటింట్లో పీట ఉండే చోట స్వరూప పళ్లెంలో నీళ్లు పోసి, కరివేపాకు రెబ్బలోంచి ఒక ఆకు తుంచి తేల్చి, దానిమీద మెల్లగా సూదిని పెట్టింది.

ఆకు అటూ ఇటూ ఊగింది. నిలబడింది. ఉత్తరం ముందుగది కిటికీ వైపు. సూది మొన మాత్రం పొయ్యి కింది బండ వైపు తిరిగి ఉంది. లాస్య వేలితో తిప్పి వదిలింది. మళ్లీ అక్కడికే వచ్చింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వచ్చింది.

"ఇది శనివారం సాయంత్రం," అంది స్వరూప. "మీ మిషను రెండు గంటల నుంచి బంద్ ఉంది."

యాదగిరి నేలమీద చతికిలబడి చాలాసేపు ఆ ఆకును చూశాడు. తర్వాత లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు. నెల మొదట్లో 1, 1, 2. తర్వాత 4, 5. తర్వాత 9. తర్వాత "12?". పక్కన తల్లి నాడి అంకెలు. తొంభై, తొంభై, తొంభై. ఆయన వేలు ఆ మూడు తొంభైల మీద ఆగిపోయింది.

"అమ్మ ఏది?"

"మీద ఉంది. శుక్రవారం నుంచి కిందికి దిగనిస్తలేను."

ఆయన ఫోను తీసి కరీంనగర్‌లో ఉన్న తమ్ముడికి చేశాడు. "రేపు కారు తీస్కొని రారా. అమ్మను కొన్ని రోజులు నీ దగ్గర పెట్టుకో. ఏం లేదు. ఊరికెనే. మధ్యాహ్నానికి రా." ఫోను పెట్టేసి భార్య వైపు చూడకుండా అన్నాడు, "అమ్మకు ఏం గాదు ఇగ. సోమవారం అయిపోని. తర్వాత నిదానంగ చూద్దాం."

"పద్దెనిమిదో ఇంట్ల బాలింత ఉంది. నెలలోపు పిల్ల."

"సోమవారం అయిపోనియ్, స్వరూపా!"

ఆయన ఆమె మీద గొంతు పెంచటం అరుదు. లాస్య పళ్లెంలో నీళ్లు తొణక్కుండా పట్టుకుని పక్కకు జరిగింది.

*

ఆదివారం పొద్దున ఆయన షిఫ్టు లేకపోయినా ఐదున్నరకే వెళ్లాడు. పదకొండు దాటాక వచ్చాడు. చేతిలో అరచేతంత మీటరు ఉంది. సి లైను పొడుగునా ఒక్కో ఇంటి వెనకా వంగి వంగి చూస్తూ వచ్చాడని పక్కింటివాళ్లు చెప్పారు. వచ్చి స్నానం చేశాడు.

ఆండాళమ్మ సంచి సర్దుకుని మేడ దిగింది. వద్దన్నా వినలేదు. స్వరూప ఆమెను వంటింటికి దూరంగా, ముందుగది చివర కుర్చీలో కూర్చోబెట్టి అక్కడికే కంచం తెచ్చింది. మిగిలినవాళ్లు కూడా అక్కడే చాప పరిచి కూర్చున్నారు. టమాటాపప్పు, దొండకాయ వేపుడు, పచ్చిపులుసు. చిన్నకొడుకు మూడింటికి వస్తానన్నాడు.

"అన్నం కలుపుకో కొడకా," అంది ఆండాళమ్మ. "ఏంది గట్ల సూస్తున్నవ్? నేను పోతున్ననని రంది పెట్టుకున్నవా? రంది నాక్కావాలె. నీ తమ్ముని పెండ్లాం పప్పుల చింతపండు ఎయ్యదు."

లాస్య కిసుక్కున నవ్వింది. యాదగిరి నవ్వలేదు.

"నాలుగు వందల ముప్పై ఆరు," అన్నాడు.

స్వరూప చెయ్యి గరిటె మీద ఆగింది.

"పొద్దున నేనే మీట కాడ కూసున్న. అంకె చూసిన. ఇరవై నాలుగు పెరిగింది ఒక్క దినంల." ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోవటం లేదు. "చూసి గూడ సున్నా కొట్టిన. నుస్రత్ నా దిక్కు చూస్తనే ఉంది. నా వేలు దానంతట అదే పోయింది. పదకొండేండ్ల అలవాటు అని చెప్పుకోవచ్చు. అలవాటు గాదు. భయం."

పొద్దున స్వరూప మేడమీది నుంచి కిందికి తెచ్చి మళ్లీ వంటింటి అల్మారాలో పెట్టిన గడియారం టకటకమంటోంది.

ఆండాళమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "నాకు నీ లెక్కలు తెల్వయ్. ఒక్కటి అడుగుత. మిషను కాడ తప్పు అంకె పడితె దాన్ని తీసేస్తవ్. ఇంట్ల నాకు బాగలేకుంటె నన్ను తీసి కరీంనగరం పంపిస్తున్నవ్. నేను పోయినంక ఇంట్ల అంత మంచిగనే కనపడతది. అవునా?"

యాదగిరి తల ఎత్తాడు.

"పో అంటె పోత బిడ్డా. నాకేం మొండితనం లేదు. గని ఆ పక్కింటి బాలింతను ఎవరింటికి పంపిస్తవ్?"

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. సగం అన్నం కంచంలోనే ఉంది. లేచి వంటింట్లో అల్మారా దగ్గరికి వెళ్లి గడియారం చేతిలోకి తీసుకున్నాడు. ఫోనులో టైము చూశాడు. వెనకవైపు మీట మీద వేలు పెట్టి, తిప్పకుండా ఆగాడు.

"పెన్సిలేది?"

స్వరూప కొప్పులోంచి తీసి ఇచ్చింది. ఆయన క్యాలెండరు మీద ఆదివారం గడిలో మూడు అని రాశాడు. గడియారం మేడ దిగి ఆరు గంటలు కాలేదు, అప్పుడే మూడు నిమిషాలు. గడియారాన్ని అట్లాగే తిరిగి పెట్టి, వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"అమ్మ తమ్మునితోని పోతది," అన్నాడు. "ఒక్కతే గాదు. లాస్యను తీస్కొని నువ్వు గూడ పో. సాయంత్రం నేను సి లైన్ల ఇల్లిల్లు తిరిగి అందరికి చెప్త. పద్దెనిమిదో ఇంటికి ముందు పోత."

"మరి రేపు?" అంది స్వరూప.

"రేపు ఆరు గంటలకు సున్నా కొట్టం. ఢిల్లీవాళ్లు కూసున్నంక, వాళ్ల ముంగటనే చాలూ చేస్త. తెరమీద ఉన్నది ఉన్నట్టు కనపడతది. మూడు వందలు ఎప్పుడో దాటింది గాబట్టి, మిషను దానంతట అదే బందయితది."

"మళ్ల ఎప్పుడు నడుస్తది డాడీ?" అంది లాస్య.

"తెల్వది బిడ్డా. రాతిలది ఎన్నేండ్లకు పోతదో గూడ తెల్వది. పోయేదాక నడువది."

పదకొండేళ్లు ఆ మాటలో ఎట్లా ఇమిడాయో స్వరూపకు అర్థం కాలేదు. ఆమె లేచి ఆయన కంచంలో చల్లారిన అన్నం తీసి, వేడిది వడ్డించింది. పప్పు వేసింది. ఆండాళమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, లోపలిది వింటున్నట్టు కాసేపు కదలకుండా కూర్చుంది.

"అయితే రేపు అందరు వచ్చినంక నువ్వేం చేస్తవ్, డాడీ?"

యాదగిరి ముద్ద ఎత్తాడు.

"ఏం చెయ్య," అన్నాడు. "ఆ అంకెను చూస్త."